మీ సారం రక్తనాళాలను ఆపుతుందా, కణాలను చంపుతుందా? విశాఖలో యాంజియోజెనిసిస్ ప్రయోగాలకు సమగ్ర మార్గదర్శి

విశాఖలో ఫార్మసీ, బయోటెక్నాలజీ, జువాలజీ పీజీ చేస్తున్నవాళ్లు తరచూ ఎంచుకునే ప్రాజెక్టు ఒకటుంది. ఒక మొక్క ఆకు సారమో, భీమిలి వైపు రాళ్ల మీద పెరిగే సముద్రపు నాచు సారమో తీసుకుని, అది కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుందేమో చూడటం. ప్రశ్న మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, ఇలాంటి పనుల్లో చాలాసార్లు చివరికి తేలేది ఆ సారం కణాలను చంపుతుందని మాత్రమే. కణం చచ్చాక నాళం ఎలాగూ రాదు. విషానికీ, నాళాల ఎదుగుదలను ఆపే పదార్థానికీ తేడా చూపించినప్పుడే మీ పనికి విలువ. అందుకే కింద చెప్పిన పద్ధతుల వరుసను మార్చకండి.

అసలు ఏం కొలుస్తున్నాం

ఉన్న నాళం నుంచి కొత్త నాళం చిగురించడాన్ని యాంజియోజెనిసిస్ అంటారు. కణజాలానికి ఆక్సిజన్ చాలనప్పుడు అక్కడి కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందిన దగ్గర నాళం లోపొరలోని ఎండోథీలియల్ కణాలు తమ చుట్టూ ఉన్న ఆధార పొరను కరిగించుకుంటాయి. ఒక కణం ముందు నడుస్తుంది. పాదు మీద బీరతీగ నులితీగ చాచి దారి వెతుక్కున్నట్టు అది సన్నటి కాళ్లు చాచి వీఈజీఎఫ్ ఎక్కువగా ఉన్న వైపు సాగుతుంది. దాని వెనక కణాలు విభజన చెందుతూ కొమ్మను పొడిగిస్తాయి. తర్వాత మధ్యలో బోలు ఏర్పడుతుంది, పక్క కొమ్మతో కలుస్తుంది, చివరికి పెరిసైట్లు అనే ఆసరా కణాలు వచ్చి చుట్టూ పట్టుకుంటాయి.

గడ్డలు ఇలాంటి నాళాలు లేకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేవని 1971లో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ చికిత్సకు అనుమతి వచ్చింది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు కంట్లో వేసే ఇంజెక్షన్లు కూడా ఈ కోవలోవే. మానని షుగర్ పుండు దగ్గర మాత్రం అవసరం తలకిందులు, అక్కడ నాళాలు రావాలి. కాబట్టి మీ సారం ఆపుతుందా అన్నదొక్కటే కాదు, పెంచుతుందా అన్నది కూడా చూసేలా ప్రయోగం వేసుకోండి.

పైన చెప్పిన దశలన్నిటినీ ఒకేసారి పట్టే పరీక్ష ల్యాబ్ గిన్నెలో లేదు. ఒకటి విభజనను, ఒకటి కదలికను, ఒకటి గొట్టంలా అమరడాన్ని చూపిస్తుంది. పద్ధతులు కలిపి వాడాల్సింది అందుకే.

ముందు అనుమతులు

బొడ్డుతాడు వాడాలంటే మీ సంస్థ మానవ నైతిక కమిటీ అనుమతి, తల్లి రాతపూర్వక సమ్మతి రెండూ కావాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. నొప్పులు మొదలయ్యాక కాకుండా, అంతకు ముందే తీరిగ్గా కూర్చుని చదివి వినిపించాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దగ్గర పెట్టుకుని పత్రం తయారుచేసుకోండి. ఎలుకలు, చేపలు అయితే జంతు నైతిక కమిటీ దగ్గరికి వెళ్లాలి. దాని పైన ఉండేది జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ, అంతకు ముందు సీపీసీఎస్‌ఈఏ అనేవారు. కోడిపిండం విషయం మీ కమిటీనే రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. పేపర్ పంపేటప్పుడు జర్నల్ తప్పకుండా అడుగుతుంది.

సారం సిద్ధం చేసుకోవడం

ఇక్కడ తొందరపడితే తర్వాతి ఆర్నెల్ల పని మీద నమ్మకం పోతుంది. ఎండబెట్టిన సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో గాఢంగా కరిగించి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో దాచండి. కణాల మీద వేసినప్పుడు డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకుండా చూసుకోండి. కంట్రోల్ కణాలకు కూడా అంతే డీఎంఎస్‌ఓ వేయాలి, ఉత్త మీడియం కాదు. మీడియంలో కలిపాక మైక్రోస్కోప్ కింద ఓసారి చూడండి. సారం రేణువులుగా విడిపోయి కణాల మీద పడుతుంటే మీరు కొలిచేది రసాయన ప్రభావం కాదు.

నేల మీదా, సముద్రపు నీటిలోనూ పెరిగినవాటికి బ్యాక్టీరియా అంటుకుని ఉంటుంది, వాటితో ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా గోడలోని విష పదార్థం, వస్తుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది గానీ ఎండోటాక్సిన్‌ను ఆపలేదు. ఎండోటాక్సిన్ ఎండోథీలియల్ కణాలను రెచ్చగొడుతుంది. కాబట్టి ఎండోటాక్సిన్‌ను పట్టే ఎల్‌ఏఎల్ పరీక్ష చేయించండి.

ఎండోథీలియల్ కణాలు: హ్యూవెక్

బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. ఆ సిర లోపొర నుంచి తీసే కణాలే హ్యూవెక్. తాడును యాంటీబయాటిక్ కలిపిన స్టెరైల్ బఫర్ సెలైన్‌లో వేసి, ఐసు మీద ల్యాబ్‌కు తెచ్చి, 24 గంటల్లోపు వాడాలి. బిగింపు గుర్తులు పడిన భాగాలు కోసి పారేయండి. సిరలోకి మొద్దు సూది దూర్చి, రక్తం పోయేదాకా సెలైన్‌తో కడిగి, 0.1 శాతం కొలాజినేజ్ నింపి, రెండు చివరలూ బిగించి 37 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు ఉంచండి. తాడును వేళ్లతో మెల్లగా ఒత్తి, ద్రవాన్ని బయటికి తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, జెలాటిన్ పూత వేసిన ఫ్లాస్కులో పెట్టండి. ఎక్కువసేపు ఉంచితే కింది పొరలోని కండర కణాలు, ఫైబ్రోబ్లాస్టులు అనే కణజాలపు కణాలు కూడా ఊడి వస్తాయి. అవి వేగంగా పెరిగి వారంలో హ్యూవెక్‌ను మింగేస్తాయి.

ఆరోగ్యకరమైన హ్యూవెక్ గచ్చు మీద రాళ్లు పరిచినట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఎండోథీలియల్ కణాల గుర్తులైన సీడీ31, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ స్టెయినింగ్‌తో నిర్ధారించుకోండి. రెండో పాసేజ్ (కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చిన విడత) నుంచి ఐదో పాసేజ్ దాకా వాడటం మేలు. ఆ తర్వాత అవి బద్ధకిస్తాయి, గొట్టాలు సరిగా కట్టవు. తాడు ఇచ్చిన తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అయ్యాయో లేదో చూడండి. అయినా సరే, ప్రతి తాడునూ ఇన్‌ఫెక్షన్ ఉన్నదానిలాగే జాగ్రత్తగా ముట్టుకోవాలి.

తాడు సంపాదించడం కుదరకపోతే గడ్డకట్టించిన వయల్స్ కొనుక్కోవచ్చు. ఈఏ.హెచ్‌వై926 అనే లైన్ చవగ్గా, ఎన్నాళ్లయినా పెరుగుతుంది. కానీ అది హ్యూవెక్‌నూ ఏ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలనూ కలిపి చేసినది. మొదటి వడపోతకు వాడండి, తుది ఫలితానికి మాత్రం హ్యూవెక్ ఉండాలి.

మొదటి పరీక్ష: చంపుతోందా?

కణాలు బతికున్నాయో లేదో రంగుతో చెప్పే ఎంటీటీ పరీక్ష అందరికీ తెలిసిందే. బతికున్న కణం పసుపు రంగును ఊదా రంగుకు మారుస్తుంది, 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. మొక్కల సారాలతో దీనికొక ఉచ్చు ఉంది. పాలీఫినాల్స్ కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. అప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్నట్టు కనిపిస్తాయి. అందుకని ప్లేటులో కణాలు లేని గుంటల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి విడిగా చదవండి. ఎంటీటీ వేసే ముందు సారం ఉన్న మీడియం తీసేసి కణాలను కడగండి. చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో కూడా ఓసారి లెక్కపెట్టండి.

24, 48, 72 గంటల దగ్గర విడివిడిగా చూడండి. 24 గంటలకు 90 శాతం పైగా కణాలు బతికి ఉన్న మోతాదులు ఏవో రాసుకోండి. నాళాల ప్రయోగాలన్నీ ఆ మోతాదుల్లోనే చేయాలి. 60 శాతం కణాలను చంపే మోతాదులో గొట్టాలు రాలేదని రాస్తే అది ఫలితం కాదు. మామూలు ఫైబ్రోబ్లాస్టుల మీద కూడా అవే మోతాదులు వేసి చూడండి. ఫైబ్రోబ్లాస్టులు హాయిగా పెరుగుతూ, వీఈజీఎఫ్ ఇచ్చినా హ్యూవెక్ విభజన మాత్రమే తగ్గితే, మీ చేతిలో ఆసక్తికరమైనదేదో ఉన్నట్టే.

కదలిక

గీత పరీక్ష చవకైనది. కణాలు గుంట నిండా పరుచుకున్నాక 200 మైక్రోలీటర్ల టిప్‌తో ఒక్క గీత గీసి, ఊడినవి కడిగేసి, సీరం తగ్గించిన మీడియంలో సారం వేయండి. సున్నా గంటకూ, ఎనిమిది, పదహారు గంటలకూ అదే చోట ఫొటో తీయాలి. ప్లేటు అడుగున మార్కర్‌తో గుర్తు పెట్టుకోకపోతే అదే చోటు మళ్లీ దొరకదు. ఖాళీ మూసుకోవడానికి కదలికే కాదు, విభజన కూడా కారణం కావచ్చు. సీరం తగ్గించేది అందుకే. వీఈజీఎఫ్ వైపు కణాలు వెళ్తున్నాయా అని కచ్చితంగా చూడాలంటే మధ్యలో 8 మైక్రాన్ రంధ్రాల పొర ఉన్న బాయిడెన్ చాంబర్ వాడాలి.

గొట్టాలు కట్టే పరీక్ష

మాట్రిజెల్ మీద హ్యూవెక్ వేస్తే కొన్ని గంటల్లో వలలా అల్లుకుంటాయి. చూడటానికి అందంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. అందుకే దీన్ని అవసరానికి మించి నమ్ముతారు.

మాట్రిజెల్ ఎలుక గడ్డ నుంచి తీసిన ఆధార పొర పదార్థం. 10 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చే పార్శిల్ మే నెలలో విశాఖలో లారీ దిగి ఎండలో ఆగితే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడే డ్రై ఐసు గురించి గట్టిగా మాట్లాడుకోండి. డబ్బా తెరవగానే సీసా ఇంకా గడ్డకట్టి ఉందో లేదో చూసి రాసుకోండి. ముందు రోజు రాత్రి ఐసు బకెట్‌లో ఉంచి, బకెట్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. టిప్‌లు, ప్లేటు కూడా రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ల్యాబ్ ఏసీ నమ్ముకుని గది ఉష్ణోగ్రతలో పని మొదలుపెట్టకండి.

96 గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 50 మైక్రోలీటర్లు, బుడగలు రాకుండా, మెల్లగా వేయండి. 37 డిగ్రీల్లో అరగంట ఉంచితే గట్టిపడుతుంది. పదివేల నుంచి పదిహేను వేల హ్యూవెక్‌ను సారంతో కలిపి పైన వేయండి. మీ కణాలకు ఏ సంఖ్య సరిపోతుందో సారం లేకుండా ముందే తేల్చుకోవాలి. ఎక్కువైతే వల బదులు దుప్పటి పరుచుకుంటుంది, తక్కువైతే కొమ్మలు కలవవు. నాలుగు గంటల నుంచి మొదలుపెట్టి పద్దెనిమిది గంటల దాకా కొన్నిసార్లు ఫొటోలు తీయండి. ఒక రోజు దాటితే వల దానంతటదే కూలిపోతుంది. అంతసేపు ఆగి తీసిన ఫొటోలో కూలిన వల మీ సారం గొప్పతనమేమీ కాదు.

కంట్రోల్స్ మూడు ఉండాలి: డీఎంఎస్‌ఓ మాత్రమే, వీఈజీఎఫ్, తెలిసిన నిరోధకం ఒకటి. నిరోధకంగా సురామిన్ గానీ సునిటినిబ్ గానీ వాడవచ్చు. వీఈజీఎఫ్ ప్రభావం కనబడాలంటే గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన మాట్రిజెల్ వాడాలి. మామూలు దానిలో అవి అప్పటికే ఉంటాయి.

వల రాలేదంటే ఎందుకు రాలేదో కణాలే చెబుతాయి. గుండ్రంగా ముద్దకట్టి, మెరుస్తూ ఉంటే విషం. ప్లాస్టిక్ మీద ఉన్నట్టు చదునుగా పరుచుకుంటే జెల్ పల్చగా పడింది. బతికి, చక్కగా అంటుకుని, కాళ్లు చాచి కూడా ఒకదాన్నొకటి అందుకోలేకపోతుంటే, మీరు వెతుకుతున్నది అదే. కాల్సీన్ ఏఎం వేస్తే బతికున్న కణాలే ఆకుపచ్చగా వెలుగుతాయి కాబట్టి సందేహం తీరుతుంది. కొలతలకు ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానిలో యాంజియోజెనిసిస్ ఎనలైజర్ అనే ప్లగిన్ ఉంది. మొత్తం పొడవు, కొమ్మల కూడళ్లు, మూసుకున్న గళ్లు లెక్కపెట్టండి. ఫైబ్రోబ్లాస్టులు, కొన్ని క్యాన్సర్ కణాలు కూడా మాట్రిజెల్ మీద ఇలాంటి వలలు కడతాయి. ఈ ఒక్క పరీక్షతో యాంజియోజెనిసిస్ గురించి తీర్పు చెప్పకూడదన్నది అందుకే.

కోడిగుడ్డు పొర: క్యామ్

తక్కువ ఖర్చులో నిజమైన రక్తం పారే నిజమైన నాళాలు చూడాలంటే ఇదే దారి. పిండం ఊపిరి తీసుకోవడానికి గుడ్డు పెంకు లోపల కోరియో అలంటాయిస్ అనే పొర అల్లుకుంటుంది, అదే క్యామ్. పిండంలో రోగనిరోధక వ్యవస్థ ఇంకా పూర్తిగా తయారై ఉండదు, కాబట్టి బయటి కణాలను కూడా అది భరిస్తుంది.

కిరాణా కొట్టు గుడ్లు పనికిరావు. లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్లలో పిండం ఉండదు. హేచరీ వాళ్లను పొదిగే గుడ్లు అని స్పష్టంగా అడగాలి. పెట్టి వారం దాటనివి తీసుకోండి. విశాఖ వేసవిలో ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. గది 30 డిగ్రీలు దాటితే పిండం పొదగకముందే కొద్దికొద్దిగా ఎదగడం మొదలుపెట్టి, అడ్డదిడ్డంగా సాగి చస్తుంది. వంటింటి ఫ్రిజ్ చల్లదనానికి కూడా అది తట్టుకోదు. 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంచాలి. అక్కడి నుంచి తీసి నేరుగా బయట పెడితే సముద్రపు తేమకు పెంకు మీద నీళ్లు పట్టేస్తాయి. ఆ నీటితో పాటు పెంకు రంధ్రాల్లోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. ఏసీ గదిలో కొన్ని గంటలు ఉంచి, మెల్లగా మామూలు వేడికి తెచ్చి, పొడిబట్టతో తుడిచి, ఆ తర్వాతే 70 శాతం ఆల్కహాల్‌తో పైపైన తుడవండి.

ఇంక్యుబేటర్ 37.5 డిగ్రీల దగ్గర, తేమ 60 శాతం. గుడ్లను పడుకోబెట్టి, పై వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పిండం పైకి తేలి ఆ గుర్తు కిందకి వస్తుంది.

మూడో రోజు చీకట్లో టార్చి వెలుగు మీద పెట్టి చూడండి, పిండం లేనివి తీసేయండి. లామినార్ ఫ్లోలో, గుడ్డు సన్నటి కొస దగ్గర చిన్న రంధ్రం చేసి, సూదిని కిందికి వంచి రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగండి. దాంతో పొర పెంకు నుంచి కిందకి దిగుతుంది, కిటికీ కోసేటప్పుడు చిరగదు. సిరంజిలో పచ్చసొన కనబడితే ఆ గుడ్డు పక్కన పెట్టేయాల్సిందే. రంధ్రం మూసి, పై వైపు పెంకుకు ముందు పారదర్శక టేపు అంటించి, టేపు మీదుగానే సన్న కత్తెరతో ఒకటిన్నర సెంటీమీటర్ల కిటికీ కోయండి. పెంకు పొడి టేపుకు అంటుకుని లోపలికి రాలదు. ఇది చిన్న విషయం కాదు. పొడి పొర మీద పడితే వాపు వచ్చి, ఆ వాపు వల్ల నాళాలు గుమిగూడతాయి. అది చూసి సారమే నాళాలను పెంచిందని రాసేవాళ్లున్నారు. లోపల గుండె కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. కిటికీని టేపుతో మూసి మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టండి. ఇక గుడ్డు తిప్పకూడదు.

ఎనిమిదో రోజు తెరవండి. సర్జికల్ షాపుల్లో దొరికే జెలాటిన్ స్పాంజిని ఒక మిల్లీమీటరు ముక్కలుగా కోసి, ఒకటి రెండు మైక్రోలీటర్ల సారం పీల్చుకోనిచ్చి, పెద్ద నాళాలకు దూరంగా పొర మీద ఉంచండి. ఆల్కహాల్‌లో కరిగించిన సారం నేరుగా వేయకండి, పొర ఎండిపోతుంది. పీహెచ్ ఏడు చుట్టూ ఉండాలి. స్పాంజి పెట్టగానే ఒక ఫొటో తీయండి. ఇది మర్చిపోతే పన్నెండో రోజు ఫొటోలో ఏ నాళం పాతదో ఏది కొత్తదో చెప్పే మార్గం లేదు. పొర ముడుచుకున్నా పాత నాళాలే స్పాంజి వైపు లాగినట్టు కనిపిస్తాయి, వాటిని కొత్తవిగా లెక్కపెట్టకూడదు.

పన్నెండో రోజు, పొర కింద కొద్దిగా తెల్లటి కొవ్వు ఎమల్షన్ ఎక్కిస్తే నాళాలు స్పష్టంగా కనబడతాయి. స్టీరియో మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి, స్పాంజి వైపు చక్రం ఆకుల్లా వచ్చే నాళాలను లెక్కపెట్టండి. ప్రతి గుడ్డులోనూ పిండం బతికి ఉందా, సైజు కంట్రోల్‌తో సమానంగా ఉందా అన్నది కూడా రాయాలి. పిండం చచ్చిన గుడ్డులో నాళాలు లేకపోవడం వింత కాదు. గ్రూపుకు కనీసం పది బతికి మిగిలేలా ఎక్కువ గుడ్లతో మొదలుపెట్టండి, ఎన్ని చచ్చాయో గ్రూపుల వారీగా ప్రకటించండి. పద్నాలుగో రోజు రాకముందే ప్రయోగం ముగించండి. మీ కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో పిండాన్ని ముగించి, బయోమెడికల్ వ్యర్థాల పసుపు సంచిలో వేయండి.

ఇంకా ముందుకు వెళ్లాలంటే

ఎలుక ఛాతీ బృహద్ధమనిని ఒక మిల్లీమీటరు ఉంగరాలుగా కోసి కొలాజెన్ జెల్‌లో పెడితే, వారం పది రోజుల్లో అంచుల నుంచి చిగుళ్లు వస్తాయి. పెరిసైట్లు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి కాబట్టి మాట్రిజెల్ కంటే నిజానికి దగ్గర. ఉంగరం చుట్టూ కొవ్వు, సన్నని కొమ్మలు పూర్తిగా తీసేయడమే ఇక్కడ పనితనం.

జీబ్రాఫిష్ మన దేశపు చేపే. ఎఫ్‌ఎల్‌ఐ1 ఈజీఎఫ్‌పీ రకంలో నాళాలు ఆకుపచ్చగా వెలుగుతాయి, వెన్ను వెంట నాళాలు రెండు రోజుల్లో కళ్ల ముందే అల్లుకుంటాయి. నీరు 28.5 డిగ్రీలుండాలి. విశాఖలో చలికాలం తప్ప మిగతా రోజుల్లో దానికి వేడి చేయడం కంటే చల్లబరచడమే పెద్ద పని, కాబట్టి కూలింగ్ ఉన్న ఇంక్యుబేటర్ తీసుకోండి. సారం వల్ల పిండం మొత్తం ఎదుగుదల వెనకబడితే నాళాలు కూడా వెనకబడతాయి. కాబట్టి పిండం పొడవు, కంటి సైజు కూడా కొలవండి.

లెక్క

ఒకే తాడు నుంచి వచ్చిన కణాలను ఆరు గుంటల్లో వేస్తే అది ఒక్క ప్రయోగమే, ఆరు కాదు. కనీసం మూడు తాళ్ల కణాలతో వేర్వేరు రోజుల్లో చేయాలి. క్యామ్‌లో ఒక గుడ్డు ఒక లెక్క. ఫొటోల పేర్లు వేరొకరితో మార్పించి, ఏది ఏ గ్రూపో తెలియకుండా ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. ఏ గుడ్డును వదిలేస్తారో ముందే రాసుకోవాలి, ఫలితం చూశాక కాదు.

సొర చేప మృదులాస్థిలో నాళాలను ఆపే పదార్థం ఉందని 1983లో కుందేలు కంట్లో చేసిన ప్రయోగం చూపించింది. ఆ తర్వాత సొర మృదులాస్థి గొట్టం మాత్రలు మందుల షాపులకెక్కాయి. దాని నుంచి తీసిన ఏఈ 941 మాత్రం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద పెద్ద ట్రయల్‌లో ఆయుష్షు పెంచలేకపోయింది, ఆ ఫలితం 2010లో అచ్చయింది. మీ సారం కదలిక, గొట్టాలు, క్యామ్ అనే మూడు పరీక్షల్లోనూ నెగ్గితే థీసిస్‌లో రాయాల్సింది ఆ మూడు పరీక్షల్లో నెగ్గిందనే. క్యాన్సర్ మందు అని కాదు.

విశాఖ క్యాలెండర్

క్యామ్‌కు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. హేచరీ నుంచి గుడ్లు దారిలో పాడవవు, గది చల్లగా ఉంటుంది. వానాకాలంలో సీఓ2 ఇంక్యుబేటర్‌లో ఫంగస్ బెడద ఎక్కువ, కింద నీళ్ల ట్రేను వారం వారం మార్చండి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం వార్త వస్తే కొత్త గుడ్లు పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డీప్ ఫ్రీజర్ చేతులెత్తేస్తుంది, ద్రవ నైట్రోజన్ డబ్బా మాత్రం కరెంటు లేకుండా నిలుస్తుంది. కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే డబ్బాలో నైట్రోజన్ నిండుగా ఉందో లేదో చూసి, తొలి పాసేజ్ హ్యూవెక్ వయల్స్ అన్నీ దానిలోకి మార్చండి. వీఈజీఎఫ్, మాట్రిజెల్ ఎక్కడ పెట్టాలో, జనరేటర్ ఉన్న గది తాళం ఎవరి దగ్గర ఉందో ముందే రాసి ఫ్రీజర్ తలుపుకు అంటించండి.